బెల్లంలో నూరిన గోలి

చెరుకు రసం బెల్లంగా మారే ముందు ఒక పావుగంట ఉంటుంది. ఆ పావుగంట కడాయి దగ్గర నిలబడ్డ మనిషి పక్కకు కదలకూడదు. ఫోన్ మోగినా, చుట్టాలొచ్చినా, నెత్తి మీద వాన పడ్డా కదలకూడదు. కాస్త ముందే దించితే పాకం గడ్డకట్టదు, అచ్చుల్లో పోస్తే అంబలిలా కూర్చుంటుంది. కాస్త ఆలస్యమైతే నల్లబడి చేదెక్కుతుంది, పశువులు కూడా మూతి తిప్పుకుంటాయి. మా బోధన్ వైపు సొంతంగా గానుగ ఆడించే ఇళ్లు ఇప్పుడు తక్కువ. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చాలామంది చెరుకు పీకేసి వరికి మళ్లారు. మేము మళ్లలేదు. మా ఆయన మొండివాడు, మా అత్తమ్మ అంతకన్నా మొండిది. నా సంగతి నేను చెప్పుకోవడం ఎందుకు, మీకే తెలుస్తుంది.

మా గానుగలో ఆ పావుగంట నాది. గిన్నెలో చల్లటి నీళ్లు పెట్టుకుని, అందులో పాకం చుక్క వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి, ఆ ఉండ గట్టితనం చూసి "దించుండ్రి" అని అరిచేది నేను. అంతకు ముందు ఆ పని అత్తమ్మది. ఆమె కళ్లకు మసక కమ్మాక కొడుకును నిలబెట్టి చూసింది. మా ఆయనకు దుక్కి తెలుసు, బావి మోటరు తెలుసు, మనుషులతో మాట్లాడటం తెలుసు. పాకం మాత్రం ఆయన చేతికి చిక్కదు. చివరికి నిజామాబాద్ కంఠేశ్వర్‌లో పుట్టి, చెరుకు గడను పండుగనాడు తప్ప చూడని కోడలిని పిలిచింది. మా అమ్మ బీడీలు చుట్టేది, నేనూ చిన్నప్పటి నుంచి చుట్టాను. ఆకు బిగువు వేలికి తెలిసినట్టే పాకం బిగువూ తెలిసింది. "పట్నం పోరి అనుకున్న గని, వేళ్లు మంచిగున్నయి" అంది అత్తమ్మ. ఆమె నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు ఇప్పటికీ రాలేదు.

అలాంటి నేను ఒక చలికాలం కడాయి మాడ్చాను.

ఆ ఏడు దసరా దాటాక నాకు విరేచనంలో నెత్తురు కనబడటం మొదలైంది. మొదట మూలశంక అనుకున్నాం. ఊరిలో ఉన్న ఆర్ఎంపీ అదే అన్నాడు, ఆకు పసరు పోసే ఆమె కూడా అదే అంది. ఇద్దరూ ఒకే మాట అంటే నిజమే అనుకుంటాం కదా. కానీ మూలశంకకు ఆ తొందర ఉండదు. కడుపులో ఒక్క మెలి తిప్పిందంటే చాలు, చేతిలో ఏముంటే అది పడేసి పరిగెత్తాలి. ఆగమంటే ఆగదు. ఆ రోజు పాకం సగం వచ్చింది. మెలి తిప్పింది. తెడ్డు మా ఆయన చేతికిచ్చి "గిప్పుడే వస్త, కలుపుతుండు" అని పొలం గట్టు మీద పరిగెత్తాను. తిరిగి వస్తుంటే సగం దారిలోనే మాడు వాసన ముక్కుకు తగిలింది. పనివాళ్లు నేల చూపులు చూస్తున్నారు. మా ఆయన తెడ్డు పట్టుకుని కలుపుతూనే ఉన్నాడు పాపం, నేను కలపమన్నాను కదా. అత్తమ్మ మాత్రం కడాయి దగ్గరికొచ్చి వాసన చూసి, "మాడిందా" అని ఒక్క మాట అడిగి ఇంట్లోకి పోయింది.

ఆ సీజను ఎలాగో ముగిసింది. చివరి చెరుకు ఆడించిన రోజు మా ఆయన నా పక్కన కూర్చుని నెమ్మదిగా అన్నాడు.

"వచ్చే సీజన్‌కు రాష్ట్రం బార్డర్ అవతలి నుంచి ఒకాయనను మాట్లాడుత. పాకం ఆయన సూస్కుంటడు. నువ్వు ఇంట్లనే ఉండు. నీ పానం మంచిగుంటే చాలు."

కోపంగా అని ఉంటే నేనూ నాలుగు మాటలు అందును. ప్రేమగా అన్నాడు. ఆ రాత్రంతా నాకు ఏడుపు తన్నుకొచ్చింది. రోగం గురించి కాదు. ఆ కడాయి పక్కన చోటు పోతుందని. పెళ్లయి ఆ ఇంటికి వచ్చినప్పుడు నేను ఎవరికీ ఏమీ కాను. ఆ చోటుతోనే ఆ ఇంటి మనిషినయ్యాను. మళ్లీ గానుగ తిరిగేలోపు ఈ కడుపును దారికి తేవాలని గట్టిగా అనుకున్నాను. అప్పటికి ఎండలు ఇంకా ముదరలేదు.

నిజామాబాద్‌లో పేగుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె గొట్టం పంపి కెమెరాతో చూసింది. ఆ ముందు రోజు పేగు కడగడానికి తాగించిన నీళ్ల గురించి నేను రాయను, తాగినవాళ్లకు తెలుసు, తాగనివాళ్లు అదృష్టవంతులు.

"మూలశంక కాదమ్మా. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడ్డయి. అల్సరేటివ్ కొలైటిస్ అంటరు" అంది.

"బెల్లం తినుడు వల్లనా మేడమ్?" అని మా ఆయన అడిగాడు. ఆయన భయం ఆయనది.

"బెల్లం వల్ల కాదు, కారం వల్ల కాదు. ఒంటికి కాపలా ఉండే శక్తే సొంత పేగు మీద తిరగబడుతది. ఎందుకంటే ఇదమిత్థంగా చెప్పలేం. పూర్తిగా పోతదని నేను మాట ఇయ్యను. అణచి పెట్టొచ్చు, మంచిగ బతకొచ్చు. కానీ మందు మాత్రం మీరు నమ్మకంగా వాడాలె."

ఆమె రాసింది పేగు వాపు తగ్గించే గోలీలు. మెసలమైన్ అని పేరు. పేగు లోపలి పొర మీద నేరుగా పనిచేస్తుందట. నెత్తురు ఆగిపోయింది కదా అని మధ్యలో మానొద్దంది. ఈ మందు అరుదుగా కిడ్నీల మీద పడుతుందని, అందుకని అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించాలని చెప్పింది. మోకాళ్లు నొచ్చినా, నడుము నొచ్చినా దుకాణంలో దొరికే నొప్పి గోలీలు తెచ్చుకుని వేసుకోవద్దంది, అవి నిద్రపోతున్న పేగు రోగాన్ని లేపుతాయట. జ్వరం వచ్చినా, నెత్తురు ఎక్కువైనా, కడుపు నొప్పి ఓర్చుకోలేనంతైనా ఆగకుండా రమ్మంది. ఇన్ని చెప్పింది. అన్నింటికీ తల ఊపాను. గోలి ఎలా వేసుకోవాలో కూడా చెప్పే ఉంటుంది. కానీ గోలి వేసుకోవడం కూడా ఒకరు నేర్పేదా అని నా చెవి దాన్ని లోపలికి రానిచ్చి ఉండదు.

ఇక్కడ మా అత్తగారింటి ఆచారం ఒకటి చెప్పాలి. ఆ ఇంట్లో ఏ మందూ ఒట్టిగా లోపలికి పోదు. జ్వరం గోలి కానీ, దగ్గు గోలి కానీ, అత్తమ్మ దాన్ని చిన్న రాతి కల్వంలో వేసి మెత్తగా నూరి, వేడి చేసి మెత్తబరిచిన బెల్లంలో కలిపి, ఉండ చేసి అరచేతిలో పెడుతుంది. గానుగకు వచ్చిన పనివాళ్లకు కూడా అంతే. చుట్టపుచూపుగా వచ్చి తలనొప్పి అన్నవాళ్లకూ అంతే. మా అమ్మ అయితే గోలి నాలుక మీద పెట్టి, గ్లాసు నీళ్లిచ్చి, మింగకపోతే వీపు మీద ఒకటి వేసేది. అందుకే పెళ్లయిన కొత్తలో మొదటిసారి జ్వరానికి ఆ తియ్యటి ఉండ చేతిలో పడ్డప్పుడు నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి.

"గోలి గట్లనే మింగితే కడుపుల రాయి లెక్క పడి ఉంటది బిడ్డా. బెల్లం తోటి పోతేనే నెత్తుర్ల కలుస్తది" అనేది ఆమె.

పేగు గోలీలు కూడా అలాగే నూరింది. పెద్ద గోలీలవి, పైన నున్నటి పూత ఉంటుంది, నూరడానికి ఆమె చేతులు నొచ్చేవి. కళ్లు సరిగా కనబడకపోయినా పొడిలో పలుకు మిగిలిందేమో వేలితో తడిమి చూసేది. పొద్దున్న నేను స్నానం చేసి వచ్చేసరికి ఉండ సిద్ధంగా ఉండేది. ఒక్కరోజు తప్పలేదు. ఎండాకాలం పోయింది, వానలు పడ్డాయి, నాట్లు అయ్యాయి, నా నెత్తురు మాత్రం ఆగలేదు. కొన్నాళ్లు తగ్గినట్టే ఉండి మళ్లీ మొదలయ్యేది. నేను బస్సెక్కడం మానేశాను. ఎవరింటికి వెళ్లినా ముందు వాళ్ల బాత్రూం ఎటుందో చూసుకుని కూర్చునేదాన్ని. మా ఆయన బార్డర్ అవతలి మనిషితో ఫోన్లో మాట్లాడటం రెండుమూడుసార్లు విన్నాను. నన్ను చూసి గొంతు తగ్గించేవాడు, అదింకా మంట.

వానాకాలం సగంలో మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. రిపోర్టులు చూసి ఆమె మొహం బిగుసుకుంది.

"ఇంత మందుకు ఇంకా కొంచెం లొంగాల్సింది. ఇట్లనే ఉంటే స్టెరాయిడ్ మొదలుపెట్టాలె. అది తొందరగా పనిచేస్తది, అవసరమైనప్పుడు మంచి మందే. కానీ ఎక్కువ కాలం వాడేది కాదు, ఎప్పుడు పడితే అప్పుడు ఆపేది కూడా కాదు. కొద్దికొద్దిగా తగ్గించుకుంటనే మానాలె" అంది.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఆమె మీద కాదు, నా పేగు మీద. "మేడమ్, నేను ఒక్క పూట తప్పలే. ఉపాసం ఉన్ననాడు సుత ఏస్కున్న. ఇగ ఇంకెట్ల లొంగుతది ఇది?"

"ఎట్ల ఏస్కుంటున్నరు? తిన్నాకనా, ముందా?"

నేను గర్వంగా చెప్పాను. అత్తమ్మ కల్వం, మెత్తటి బెల్లం, వేలితో తడిమి చూడటం, అన్నీ. పక్కన మా ఆయన వాళ్లమ్మ పనితనానికి మురిసి నవ్వుతూ కూర్చున్నాడు. డాక్టరమ్మ పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"నూరుతున్నరా?" అంది.

"మెత్తగ" అన్నాను.

ఆమెకు నవ్వాలో తల పట్టుకోవాలో తెలియలేదు. తర్వాత ఓపికగా చెప్పింది. ఆ గోలి పైన ఉన్న నున్నటి పూత అందం కోసం కాదు. కడుపులోని పులుపుకు అది కరగదు. చిన్నపేగంతా దాటి, కింద పెద్దపేగు దగ్గరికి చేరే వేళకు విడుతుంది. మందు అక్కడ దిగాలి. పుండ్లు ఉన్నది అక్కడ. నూరితే పూత పోతుంది, మందంతా పైనే ఒంట్లో కలిసిపోతుంది, కిందికి చేరేది కొంచెమే.

"బోధన్ పోవాల్సినోళ్లను నిజామాబాద్ బస్టాండ్లనే దించేసినట్టు" అంది. "బస్సు రోజూ పోతున్నది. దిగాల్సిన ఊర్ల మాత్రం ఎవరూ దిగుత లేరు."

మా ఆయన మొహంలో నవ్వు ఆరిపోయింది. "అంటే మా అవ్వ చేతుల..."

"మీ అవ్వ తప్పేం లేదు. ఎట్ల ఏస్కుంటున్నరో మొదలే నేను అడగాల్సింది. అన్ని గోలీలు ఇట్ల ఉండవు, కొన్ని నూరినా ఏం కాదు. ఏది నూరొచ్చో, ఏది విరవొచ్చో అడిగి చేయాలె, గంతే." నా వైపు తిరిగింది. "ఇప్పటి నుంచి గోలి నిండుగ, నీళ్లతో మింగుండ్రి. నమలొద్దు, విరవొద్దు. పడుకునే ముందు కింది నుంచి ఎక్కించుకునే మందు కూడా ఇస్తున్న, అది పేగు చివరి భాగానికి నేరుగ పోతది. కొన్ని వారాలు చూద్దాం. ఎక్కువైతే మాత్రం వెంటనే రావాలె. అప్పుడు స్టెరాయిడ్ అంటే వాదన పెట్టొద్దు."

వాదన పెట్టనని ఒప్పుకున్నాను. బయటికి వచ్చాక నాకు నవ్వొచ్చింది. మందు పనిచేయలేదని ఇన్నాళ్లు కుమిలిపోయాను, మందు నా పేగును సరిగా చూడనే లేదు! ఇంకా ఆట మొదలే కాలేదన్నమాట. ఆ మాట మా ఆయనతో అంటే ఆయన నవ్వలేదు. "అవ్వకు ఎట్ల చెప్పుడు?" అన్నాడు. దారి పొడుగునా అదే గుబులు ఆయనకు.

ఆ గుబులు ఉత్తది కాదని ఇంటికి వెళ్లాక తెలిసింది. నేను సూటిగా చెప్పేశాను, నాకు చుట్టు తిప్పడం రాదు. అత్తమ్మ కల్వం ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

"నా చేతి తోటే చెడ్డదంటవా? ఇంతమందికి నూరి పెట్టిన, ఒక్కరికన్న చెడ్డదా?"

"చెడ్డదని కాదు అత్తమ్మా. ఈ గోలి నూరేది కాదట."

"డాక్టరమ్మకేం ఎరుక? ఆమె బుక్కెడు బెల్లం వండిందా?"

నేనూ ఊరుకోలేదు. బెల్లం వండటానికీ పేగు చూడటానికీ ఏం సంబంధమని అన్నాను. ఆమె మూతి బిగించింది. రెండు రోజులు ఒకే ఇంట్లో ఒకే కూర తింటూ ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. గోలి నేనే తీసుకుని నీళ్లతో మింగేదాన్ని. ఆమె వింటూ ఉండేది, గ్లాసు చప్పుడు కూడా ఆమెకు నచ్చేది కాదు. నాకు నిజంగా బాధగానే ఉండేది. ఆ ఉండ చేతిలో పెట్టకపోతే ఆమె నాకేమీ పెట్టనట్టే అనిపించేది.

మూడో రోజు పొద్దున్నే పిలిచింది. ముందు ఒక గిన్నె ఉంది, అందులో పుల్లటి మజ్జిగ. మజ్జిగలో నా గోలి ఒకటి. ఎప్పుడు వేసిందో ఏమో, గోలి అలాగే నున్నగా ఉంది. ఆమె వేళ్లతో తీసి నా చేతిలో పెట్టింది.

"సూడు. కరిగిందా? నేను చెప్పలేదా, కడుపుల గిట్లనే రాయి లెక్క పడి ఉంటదని!"

పాకం చూసినట్టే గోలిని చూసిందన్నమాట, గిన్నెలో వేసి. నాకు కోపం ఎటు పోయిందో పోయింది. నేలమీద ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"అత్తమ్మా, పులుపుల కరుగొద్దనే దానికి పూత పెట్టిండ్రు. నువ్వే చెప్పు, రసం ఉడుకుడు మొదలుకాంగనే కడాయి దించుతవా?"

"ఎట్ల దించుత? పాకం రావొద్దా?"

"ముందే దించితే?"

"నీళ్లే. బెల్లం యాడిది?"

"గిది సుత గంతే. నూరితే ముందే దించినట్టు. నా పుండు పెద్దపేగుల ఉన్నది, ఆడికి పోయినంకనే దిగాలె. అప్పటిదాక రాయి లెక్క ఉంటేనే మంచిది."

ఆమె ఆ గోలిని నా చేతిలోంచి తీసుకుని మళ్లీ వేళ్ల మధ్య తిప్పి చూసింది. ఇన్నేళ్లు పాకం చూసిన వేళ్లవి.

"దిగాల్సిన తాన దిగాలె. అది మాత్రం నిజం" అంది చివరికి. ఆ గోలిని పెంట మీద పారేసి వచ్చింది. ఆ మరునాటి నుంచి నా గోలి వేళకు చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చేది ఆమే. మింగాక "పోయిందా?" అని అడిగేది. పోయింది అత్తమ్మా అంటే సరే అని లేచేది. కొన్నిసార్లు దాని వెనకే చిన్న బెల్లం ముక్క పెట్టేది, ఒట్టిదే, ఏ మందూ లేనిది. దాన్ని మాత్రం నేను కాదనలేదు.

రెండో మందు సంగతి వేరు. పడుకునే ముందు ఎడమ వైపు ఒత్తిగిల్లి, గొట్టంతో ఎక్కించుకుని కదలకుండా ఉండాలి. మొదట్లో సిగ్గుతో చచ్చాను. మా ఆయన తలుపు బయట నిలబడి "అయిందా? అయిందా?" అని అడగడం ఇంకో బాధ. కెమెరా గొట్టానికే ఓర్చుకున్నదాన్ని, ఇదెంత అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. వారం తిరిగేసరికి సిగ్గు పోయింది. కొన్ని వారాలకు నెత్తురు పలుచనైంది. ఆ తర్వాత ఒక పొద్దున పూర్తిగా కనబడలేదు. నేను గంతులు వేయలేదు, ఎవరికీ చెప్పలేదు కూడా. మళ్లీ మోసం చేస్తుందేమో చూద్దామని ఊరుకున్నాను. మోసం చేయలేదు. మెల్లగా ఆ తొందర కూడా సద్దుకుంది. రక్తపరీక్షలో కిడ్నీలు బాగున్నాయని వచ్చింది. డాక్టరమ్మ స్టెరాయిడ్ మాట ఎత్తలేదు, నేను గుర్తు చేయలేదు.

"ఇగ అసలు పరీక్ష ఇప్పుడే" అంది ఆమె. "మంచిగున్నప్పుడే అందరు మందు మానేస్తరు. మీరు మానొద్దు."

మానమనేవాళ్లకు కొదవలేదు. వేల్పూర్ నుంచి వచ్చిన మా ఆయన మేనత్త ఒక సంచి నిండా పసుపు తెచ్చింది, వాళ్ల చేనుదే. "మన పసుపు ఉండంగ గోలీలెందుకే? వాపులన్నిటికి ఇదే మందు. పాలల్ల కలుపుకొని తాగు, అవన్ని పారేయ్" అంది. పసుపు మంచిదే, నేను కాదనను. కూరలో వేసుకుంటాను. ఎక్కువెక్కువ మింగే ముందు మాత్రం డాక్టరమ్మను అడుగుతాను. "అత్తా, నీ పసుపు కూరల ఉంటది, నా గోలి కడుపుల ఉంటది. రెండింటికి కొట్లాట పెట్టకు" అన్నాను. ఆమె నవ్వి, పసుపు మాత్రం తిరిగి తీసుకుపోలేదు. మంచి పసుపు, రంగు బాగుంది.

చలి మొదలైంది. గానుగ పొయ్యికి కొత్తగా మట్టి పూశాం, పిప్పి ఎండబెట్టాం, కడాయి తోమాం. అంత పని చేసేసరికి నా కుడి మణికట్టు వాచింది. మా ఆయన సాయంత్రం జేబులోంచి ఒక నొప్పి గోలి తీసి ఇచ్చాడు. పనివాళ్లందరి దగ్గరా ఉంటాయి అవి, తువాల కొంగున ముడి వేసుకుని, పొద్దంతా బరువులు మోసి సాయంత్రం మింగుతారు.

"రేపు తెడ్డు పట్టాలె గదా. ఇది ఏస్కో. ఒక్కటే గదా, ఏంగాదు."

"ఈ ఒక్కటే నా పేగును లేపుతది. అప్పుడు బార్డర్ అవతలాయన పాకం సూస్తడు, నువ్వు నా ఎనక చెంబు పట్టుకొని ఉరుకుతవ్."

ఆయన గోలి వెనక్కి జేబులో పెట్టుకున్నాడు. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఇలాంటి నొప్పికి పారాసెటమాల్ వేసుకోవచ్చు, చెప్పినంతే, ఎక్కువ కాదు, వేడి కాపడం పెట్టుకోండి, తగ్గకపోతే వచ్చి చూపించండి అంది. అత్తమ్మ ఉప్పు వేయించి గుడ్డలో మూట కట్టి కాపడం పెట్టింది. తెడ్డును ఎడమ చేత్తో పట్టడం కూడా ఆ సాయంత్రమే అలవాటు చేసుకోవడం మొదలుపెట్టాను.

మరునాడు మొదటి గానుగ. బార్డర్ అవతలి మనిషి పొద్దున్నే వచ్చాడు. మా ఆయన అతన్ని రావొద్దని చెప్పలేదు. నేనూ చెప్పమనలేదు, చెప్పమంటే భయపడ్డట్టు ఉంటుంది. అతను మంచివాడే, తలపాగా చుట్టుకుని, చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు. రసం పొంగింది, మురికి నురగ తీశాం, రంగు తిరిగింది. బుడగలు పెద్దవై, బరువెక్కి, నెమ్మదిగా పగలడం మొదలుపెట్టాయి. ఆ పావుగంట మొదలైంది. పొయ్యి దగ్గర మా ఆయన మంట చూడాల్సింది పోయి నన్ను చూస్తున్నాడు. పనివాళ్లూ నన్నే చూస్తున్నారు. అత్తమ్మ మంచం మీద కూర్చుని చెవులు ఇటు పెట్టింది.

నేను ఎవరినీ చూడలేదు. గిన్నెలో చుక్క వేశాను, లేతగా ఉంది. కలిపాను. మళ్లీ వేశాను, సాగింది. మంట తగ్గించమన్నాను. ఇంకోసారి వేశాను. వేళ్ల మధ్య ఉండ అయింది, గిన్నె అంచుకు కొడితే ఖణ్ మంది.

"దించుండ్రి!"

నలుగురు మనుషులు కడాయి ఎత్తారు. అచ్చుల్లో పోస్తుంటే బెల్లం తేనె రంగులో జారింది, జారుతూనే గట్టిపడటం మొదలైంది. తలపాగా మనిషి ముందుకొచ్చి కడాయి అంచున అంటిన పాకం వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు. "బరోబర్ అక్కా" అని, సరిగ్గా వచ్చిందన్నట్టు తల ఊపి, తన సంచి భుజానికి తగిలించుకున్నాడు. ఛాయ్ తాగి వెళ్లమంటే తాగి వెళ్లాడు.

చివరి అచ్చు నింపాక నేను గడ్డి మోపు మీద కూలబడ్డాను. మా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"కడుపెట్లున్నది? మెలి తిప్పిందా? పోతవా?"

నేను ఆయన మొహం వైపు చూశాను. కడుపా? ఆయన అడిగేదాకా నాకు కడుపనేది ఒకటి ఉన్న సంగతే గుర్తు లేదు. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. అప్పుడు ఏడుపు వచ్చింది, అందరి ముందూ, గట్టిగా.

"ఏమైంది, పొగ తగిలిందా?" అని కంగారుపడ్డాడు.

"పొగ లేదు, గిగ లేదు. ఏడుస్తున్న. ఏడువొద్దా?" అన్నాను. "పో, నీళ్లు తే. నా గోలి యాళ్ల అయింది."